పిడికెడు బియ్యం లెక్క

తెలుగు బైబిలు చదివే అలవాటున్నవాళ్ళు ఒక సంగతి గమనించే ఉంటారు. అందులో కృతజ్ఞతాస్తుతులు చెప్పరు, చెల్లిస్తారు. శిస్తు చెల్లించినట్టు, బాకీ చెల్లించినట్టు. థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో అన్ని సంగతుల్లోనూ కృతజ్ఞత కలిగి ఉండమని చెప్పిన చోట తమిళ బైబిలు 'స్తోత్రం చేయండి' అంటుంది. మనది మాత్రం చెల్లించమంటుంది. నేను బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అప్పుల పద్దులు చూస్తున్నవాణ్ణి. అందుకే కాబోలు, ఆ క్రియాపదం నా చెవికి మరికాస్త గట్టిగా తగులుతుంది.

మా వీధిలో తమిళ క్రైస్తవులు ఎదురుపడితే 'స్తోత్రం' అంటారు. మనం 'వందనాలు' అంటాం. ఈ రెండూ ప్రార్థన నుంచి పలకరింపులోకి వచ్చిన మాటలే. వాడుక తెలుగులో ఇంగ్లీషువాళ్ళ థాంక్స్‌కు సమానమైన రోజువారీ మాట నిజానికి లేదు. మా నాయనమ్మ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పగా నేను వినలేదు. ఎవరైనా మేలు చేస్తే 'నీ కడుపు చల్లగుండ' అనేది. మేలు మరీ పెద్దదైతే 'నీ ఋణం ఎట్లా తీర్చుకునేది నాయనా' అనేది. కృతజ్ఞత అంటే మన జాతికి మొదటి నుంచీ ఋణమే. తీర్చగలిగితే తీర్చాలి, తీర్చలేకపోతే తలవంచి ఉండాలి.

ఆ తలవంపు దగ్గరే మా వాళ్ళ చరిత్ర మొదలవుతుంది.

మా పూర్వీకులది ఒంగోలు తాలూకాలో మాదిగపల్లె. తోలు పని, కూలి పని, ఊరివాళ్ళు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరుగెత్తే వెట్టిపని. ప్రతిఫలంగా కళ్ళంలో మిగిలిన తాలు, పండుగనాడు ఇంత కూడు, ముంతలో గంజి. వాటికి బదులుగా ఊరు కోరేదాన్ని విశ్వాసం అనేవారు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదు అనే మాట గొప్ప నీతివాక్యమే. కాని ఆ ఉప్పు తన రెక్కల కష్టానికి రావలసిన దానిలో పదో వంతు కూడా కాదని తెలిసినవాడికి ఆ వాక్యం సంకెల లాగే ఉంటుంది. 'ముష్టి' అంటే సంస్కృతంలో పిడికిలి అనే అర్థం. పిడికెడు గింజలు పెట్టడం వల్ల ఆ పెట్టేదానికీ, చివరకు పుచ్చుకునేవాడి బతుక్కీ కూడా అదే పేరు వచ్చింది. ఎవరి పిడికిలి ఎవరి ముందు తెరుచుకుంటుంది అన్నదాన్ని బట్టే మనిషి స్థాయి నిర్ణయమయ్యే కాలం అది.

1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. మతప్రచారానికి రాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు. అదే ఏడాది ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆయన అప్పటికే యోగమార్గంలో గురువు దగ్గర ఉపదేశం పొందిన మనిషి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పల్లెవాళ్ళకు మిషనరీలు వచ్చాకే దేవుడు తెలిశాడని రాసేవాళ్ళున్నారు. అది నిజం కాదు. మాకు మొక్కులున్నాయి, పోలేరమ్మ ఉంది, తత్వాలు పాడే గురువులున్నారు. అయితే మొక్కుబడి షరతుతో కూడిన ఒప్పందం. 'బిడ్డ బతికితే కోడిపిల్లనిస్తా' అన్నప్పుడు బిడ్డ బతకకపోతే కోడి బాకీ లేదు. కృతజ్ఞతార్పణలో ఆ షరతు ఉండకూడదని బోధకులు చెప్పారు. ఉండకూడదన్నారు గాని, మానలేదు లెండి. పరీక్ష ప్యాసైతే ఇంత వేస్తానని దేవుడితో బేరమాడే క్రైస్తవులు మా సంఘంలోనే కావలసినంతమంది. నేనూ ఆడినవాణ్ణే, బ్యాంకు పరీక్ష ముందు.

1876లో వానలు తప్పాయి. 1878 దాకా సాగిన ఆ కరువును మద్రాసు రాజధానిలో ధాతు కరువు అన్నారు. లక్షల మంది చచ్చిపోయారు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వించింది. ఒంగోలు వైపు దానిలో సుమారు మూడున్నర మైళ్ళ ముక్కను క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కదా. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలంతా మట్టి తట్టలు, మధ్యలో విశ్రాంతి వేళ వాక్యం. కూలి డబ్బు ఏ కోతా లేకుండా చేతికి వచ్చేదన్న నమ్మకం వల్ల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం అక్కడికి చేరారు.

చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు కూలి నడుస్తున్నంతకాలం, దాదాపు పదిహేను నెలలపాటు, ఆ పని ఆపేశాడు. కడుపు నిండిన కృతజ్ఞత వేరు, దేవుడి మీద విశ్వాసం వేరు, రెండూ కలిస్తే రేపు లోకం వీళ్ళను గంజి కోసం కలిసినవాళ్ళంటుంది అని అతని భయం. కరువు పని అయిపోయి, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా వాళ్ళు వెళ్ళలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది తెలుగు బోధకులు, ఒకరు అలిసిపోతే మరొకరు.

మా నాయనమ్మ వాళ్ళ తాత ఆ 2,222 మందిలో ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. దానికి కాగితం ముక్క లేదు. ఓచరు లేని పద్దును నేను ఆఫీసులో ఆమోదించను. పైగా ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చిన ప్రతి బాప్టిస్టు కుటుంబమూ ఇదే మాట చెబుతుంది. అందరినీ కూడితే గుండ్లకమ్మ చాలదు. అయినా మా తాతలు కాలువ తవ్వారన్న మాట మాత్రం నేను నమ్ముతాను. ఆ కాలువ దక్షిణానికి సాగి మద్రాసు నగరం మధ్య నుంచి పోతుంది. 1878లోనే దానికి అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ఇవాళ అది నల్లటి మురుగు. దాని ఒడ్డునా, దాని గర్భంలోనే స్తంభాలు నాటీ 1990లలో పైన రైలు మార్గం కట్టారు. నేను బ్యాంకుకు వెళ్ళేది ఆ రైలులోనే. కిటికీలోంచి వచ్చే కంపుకి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే ప్రతిసారీ, మా వాళ్ళు తవ్విన నీళ్ళు కదా అని కొంచెం మొహమాటం వేస్తుంది.

క్లౌ అంత జాగ్రత్తపడ్డా ఆ మాట తప్పలేదు. బియ్యం క్రైస్తవులు, గంజి క్రైస్తవులు, పాలపొడి క్రైస్తవులు అంటూ కాలానికి తగ్గట్టు పేరు మారింది. చిన్నప్పుడు బడిలో నాకూ తగిలింది. ఆ నింద వెనక ఉన్న లెక్క ఏమిటంటే, పెట్టినవాడికి పుచ్చుకున్నవాడు అమ్ముడుపోతాడు అని. ఊరి ఆసాములకు శతాబ్దాలుగా అమ్ముడుపోయి ఉన్నప్పుడు మాత్రం దాన్ని ఎవరూ అమ్ముడుపోవడం అనలేదు. విశ్వాసం అన్నారు.

దీనికి మా ఆడవాళ్ళు ఇచ్చిన జవాబు పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. పొయ్యి దగ్గర కనిపిస్తుంది. ఎసట్లో గింజలు పొయ్యబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వెయ్యడం. వారమంతా కూడినది ఆదివారం గుడికి తీసుకెళ్ళడం. దీన్ని పిడికెడు బియ్యం అంటారు గాని, ఒంగోలు మెట్ట పల్లెల్లో ఆ రోజుల్లో బియ్యం ఎక్కడివి? జొన్నలో, సజ్జలో, వరిగలో అయి ఉండాలి. వరి అన్నం పండుగనాటి మాట. మా వాళ్ళు మద్రాసు చేరి, రైల్వే వర్క్‌షాపుల్లో కుదురుకుని, రేషను కార్డు వచ్చాక అది నిజంగా బియ్యమైంది.

ఈ పద్ధతి తెలుగువాళ్ళ సొత్తేమీ కాదు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచీ ఇదే చేస్తున్నారు, ఇప్పటికీ వాళ్ళ సంఘాల ఆదాయంలో అదో పెద్ద పద్దు. కాని పల్లెలో దీనికి ఉన్న అర్థం వేరు. తరతరాలుగా ముష్టి కోసం పట్టిన చెయ్యి మొదటిసారి పిడికిలి నింపి ఇంకొకరికి వేసింది. ఆ గింజలు బోధకుడి కుటుంబానికి, విధవరాళ్ళకు, తమకన్నా లేనివాళ్ళకు పోయేవి. తీసుకోవడమే తెలిసినవాళ్ళకు ఇవ్వడం తెలిసింది అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఇచ్చేది మొదటినుంచీ వాళ్ళే, తమ చాకిరీని. వాళ్ళిచ్చినదాన్ని దానంగా లెక్క రాసుకున్నది మాత్రం ఇక్కడే మొదలు.

ఈ సంగతి బాగా పట్టుకున్న మనిషి డోర్నకల్ బిషప్ అజరయ్య. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. 1909లో తెలుగుదేశం వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. మేము తెలుగుదేశం నుంచి తమిళదేశానికి పోతే ఆయన అటునుంచి ఇటు వచ్చారు, కాబట్టి సరిహద్దు లెక్క సరిపోయిందని నేను సరదాగా అంటుంటాను. విదేశీ డబ్బుతో నడిచే సంఘం ఎప్పటికీ పెద్దది కాదని ఆయన నమ్మకం. క్రైస్తవ దానం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. ఆయన మండలంలో కూలినాలి చేసుకునేవాళ్ళు ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు, మేకలు పట్టుకుని పంట పండుగకు వచ్చేవారు. ఇంగ్లండులో ఈ పండుగను 1843లో కార్న్‌వాల్ ప్రాంతపు ఫాదరీ రాబర్ట్ హాకర్ కొత్తగా ఊపందించాడు. మన దగ్గరకు వచ్చేసరికి దానికి డప్పు, ఊరేగింపు, వేలంపాట కలిసి జాతర రూపం వచ్చింది. డోర్నకల్ కెథెడ్రల్ కట్టడానికి పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, స్తంభాలు చూస్తే మసీదూ గుడీ చర్చీ పక్కపక్కన నిలబడినట్టుంటుంది.

ఇదే అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. మీరు చేసిన త్యాగానికి భారతీయ సంఘం తరతరాలు కృతజ్ఞతతో ఉంటుందని ముందు చెప్పారు. ఆ తరువాత, మీరు అన్నీ ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగారు. సభలో చాలామందికి ముఖాలు మాడాయట. నా దృష్టిలో తెలుగు సంఘంతో ముడిపడిన కృతజ్ఞత చరిత్రలో ఇంతకు మించిన ప్రసంగం లేదు. ఋణపడి ఉన్నాం అన్న నోటితోనే, ఆ ఋణం పేరుతో మమ్మల్ని కింద కూర్చోబెట్టకండి అని చెప్పాలంటే ధైర్యం కావాలి. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఎదుట కూర్చున్నవాళ్ళంతా పెద్ద పెద్ద దొరలు.

దానికి ఏడేళ్ళ ముందే మరో పని జరిగింది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరకు తోటలకు, తేయాకు తోటలకు గిరిమిట్ కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళలో బాప్టిస్టులు కొందరున్నారు. తమకొక బోధకుణ్ణి పంపమని స్వదేశానికి కబురు చేశారు. తెలుగు బాప్టిస్టు సంఘాలు స్వంత చందాలతో నడుపుకుంటున్న హోమ్ మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యను కుటుంబంతో సహా పంపింది. అదే ఏడాది చివర కియర్స్‌నీ తేయాకు తోటలో మొదటి సంఘం ఏర్పడింది. పాతికేళ్ళ కిందట కరువు కూలికి మట్టి మోసినవాళ్ళ పిల్లలు సముద్రం అవతలికి మనిషిని పంపి, జీతం కట్టారు. గంజి క్రైస్తవులన్నవాళ్ళు ఈ పద్దు ఎక్కడ రాసుకుంటారో నాకు తెలియదు.

పాట సంగతి కూడా చెప్పుకోవాలి. బరంపురంలో రెండేళ్ళు పనిచేసినప్పుడు ఒక ఆదివారం పర్లాకిమిడి వెళ్ళాను. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఎక్కువగా పాడుకునే పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) ఆ ప్రాంతంవాడు. వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం, బాప్తిస్మం 1833లో కటకంలో, పాట మాత్రం తెలుగులో. ఆయన తిరిగిన నేలలో కొంత 1936లో ఒరిస్సాలోకి పోయింది. మన స్తుతి పాటకు రాగం కట్టిన పెద్దాయన ఇప్పటి లెక్కల్లో మనలాంటి బయటి తెలుగువాడే అవుతాడు.

ఇంతవరకూ రాసింది ఊరూ సంఘమూ కలిసి చేసిన పని. ఒంటరిగా ఒక మనిషి దాన్ని ఎలా మోసిందో ఒక్కటి చెబుతాను. మా చిన్నాన్న పచ్చకామెర్లతో పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆయనకు ఇరవై నాలుగు. మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. చుట్టాలు, తమిళ ఇరుగుపొరుగువాళ్ళు అన్నం తెచ్చారు. నాలుగో రోజు నాయనమ్మ పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టింది. చేటలో బియ్యం తీసుకుని, ఎప్పటిలాగే పిడికెడు ముంతలో వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకా దేనికే వెయ్యడం?" అని అరిచాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు. "బియ్యం ఉండాయి గదరా" అంది. తరువాత చాలాసేపు ఏడ్చింది. ఆ పిడికెడు వెనక్కి మాత్రం తియ్యలేదు. అన్ని సంగతుల్లోనూ అన్న పౌలు మాటను ఫాదరీలు వందసార్లు వివరించగా విన్నాను. కొడుకు చచ్చినందుకు స్తోత్రం చెప్పమని దాని అర్థం కాదని కొందరు, అవునని కొందరు. నాయనమ్మ ఏ పక్షమో నేను అడగలేదు.

ఇప్పుడు మా సంఘానికి నేను కోశాధికారిని. గుడిలో పిడికెడు బియ్యం డ్రమ్ము ఇంకా ఉంది. దాన్ని ఎత్తివేయాలని కిందటేడు కమిటీకి నోటు రాసింది నేనే. లెక్క స్పష్టం. నాలుగు ఇళ్ళవాళ్ళు సన్నబియ్యం, ఇద్దరు రేషను బియ్యం, ఒకరు ఉప్పుడు బియ్యం వేస్తారు. అన్నీ కలిసి ఏ వంటకూ పనికిరావు. వానాకాలం పురుగు పడుతుంది. అమ్మితే వచ్చేది తూకం ఖర్చుకు సరి. కుర్రవాళ్ళు క్యూఆర్ కోడ్ అట్ట పెట్టారు, దానిలో నెలనెలా కానుకలు బాగానే పడుతున్నాయి. పంట పండుగకు కూడా మా దగ్గర పంటేదీ లేదు, అందరం కోయంబేడు మార్కెట్టులో గుమ్మడికాయ కొని తెచ్చేవాళ్ళమే.

కమిటీలో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆరాధన తరువాత సంఘానికి చదివి వినిపిస్తే వెనక వరుసలోంచి ఒక పెద్దామె లేచింది. భర్త పోయాక కొడుకు దగ్గర ఉంటోంది. పింఛను లేదు, ఫోను లేదు, ఆమె పేర ఖాతా ఉన్నా ఏటీఎం కార్డు కోడలి దగ్గర ఉంటుంది. "మరి నేనేం వెయ్యాలబ్బాయ్?" అని అడిగింది. అంతే. వంట ఆమె చేతిలో ఉంది, బియ్యం ఆమె చేతిలో ఉంది, ఇంకేమీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఖాతాలు చూసిన నాకు ఆ ఖాతా తట్టలేదు. నూరేళ్ళ కిందట పల్లెలో కూడా కూలి డబ్బు మగవాడి రొంటిన ఉండేది, ఆడదాని చేతికింద ఉన్నది ఆ గింజలే. నోటు వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే చెప్పాను.

ఇప్పుడు ఆ బియ్యం నెలకోసారి దోసెల పిండికి రుబ్బించి, దగ్గర్లో ఉన్న ఒక వృద్ధాశ్రమానికి పంపుతున్నాం. పిండికి ఏ బియ్యమైనా ఒకటే. ఈ ఆలోచన కూడా ఆడవాళ్ళదే. పాత డ్రమ్ము తుప్పు పట్టిందని కొత్తది కొన్నాం. సండేస్కూలు అమ్మాయి ఒకతి ముచ్చటపడి దానిమీద రంగులతో పేరు రాసింది. 2006 చట్టం తరువాత బడిలో చేరిన పిల్లల తరం. తెలుగు మాట్లాడుతుంది, పాడుతుంది, రాయడం రాదు. పాటలన్నీ తమిళ లిపిలో రాసుకుని పాడుతుంది. ఇదీ అలాగే రాసింది. తమిళంలో 'బ'కు వేరే అక్షరం లేదన్న సంగతి ఈ పత్రిక పాఠకుల్లో అక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. 'ప' అని చదివితే 'బియ్యం' ఏమవుతుందో మా పెద్దామె అక్షరం అక్షరం కూడబలుక్కుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నేను కింద తెలుగులో మళ్ళీ రాశాను. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని 'బ' దిద్దించాను. వచ్చే ఆదివారం 'య' ఒత్తు.